న్యూరోఇమ్యునాలజీలో పీహెచ్‌డీ ఎలా చేయాలి: నల్గొండ, పాలమూరు విద్యార్థుల కోసం

"అన్నా, జువాలజీలో ఎమ్మెస్సీ అయిపోయింది. మెదడు మీద చేయాలని ఉంది, ఇమ్యూనిటీ మీదా చేయాలని ఉంది. రెండూ కలిపి పీహెచ్‌డీ చేయొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?" నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ నుంచి, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీ నుంచి, దేవరకొండ, వనపర్తి, నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ చెబుతూ పోతే ఏదో ఒకటి మరిచిపోతున్నాను. అందుకే వరుసగా రాసి పెడుతున్నాను.

చేయొచ్చు. ఆ రెండూ కలిసిన రంగాన్నే న్యూరోఇమ్యునాలజీ అంటారు. నిజానికి ఇప్పుడు రెండూ విడదీసి చేయడమే కష్టం. మెదడుకూ ఇమ్యూన్ సిస్టమ్‌కూ పెద్దగా పొత్తు లేదని చాలాకాలం చదువుకున్నాం. మెదడు మీది పొరల్లో లింఫ్ నాళాలు (ఇమ్యూన్ కణాలను మోసుకెళ్లే గొట్టాలు) ఉన్నాయని 2015లో రెండు ల్యాబులు ఎలుకల్లో చూపించాయి. మెదడులోనే కాపురముండే ఇమ్యూన్ కణాలు, అంటే మైక్రోగ్లియా, ఎదిగే మెదడులో అక్కర్లేని సినాప్సులను (న్యూరాన్ల మధ్య అతుకులను) తీసేస్తాయని అంతకు మూడు నాలుగేళ్ల ముందే తేలింది. థియరీ ఇంతవరకు చాలు, మిగతాది మీరే చదువుకుంటారు. చేయాల్సిన పని గురించి మాట్లాడుకుందాం.

ముందు దగ్గర ఉండాల్సినవి

- ఎమ్మెస్సీలో 55 శాతం మార్కులు. ఎస్సీ, ఎస్టీ, నాన్-క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు నెట్ (పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే జాతీయ పరీక్ష) రాయడానికి 50 శాతం చాలు. నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు 75 శాతం ఉంటే ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీలో చేరే వీలును 2022 యూజీసీ నిబంధనలు ఇచ్చాయి.
- కుల ధ్రువపత్రం. ఇక్కడ మనవాళ్లు ఏటా దెబ్బతింటున్నారు. మీసేవలో తీసుకున్న రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో చెల్లదు. సెంట్రల్ ఫార్మాట్‌లో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ తహసీల్దార్ ఆఫీసు నుంచి విడిగా తీసుకోవాలి, తేదీ కూడా నోటిఫికేషన్ అడిగిన కాలంలోదై ఉండాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. మీ కులం ఉందో లేదో ఫారం నింపకముందే చూసుకోండి.
- ఒక ల్యాప్‌టాప్. కొత్తది అక్కర్లేదు, బొమ్మలు కొలిచే ఇమేజ్‌జే, లెక్కలు చేసే ఆర్ నడిస్తే చాలు. రెండూ ఉచితమే.
- ఒక లావుపాటి నోటుబుక్కు. దేనికో ముందు ముందు తెలుస్తుంది.
- ఇంట్లోవాళ్లతో ఒక నిజాయితీ మాట. ఇది కనీసం మూడేళ్ల పని, గరిష్ఠంగా ఆరేళ్లు. ప్రయోగాల మీద నడిచే సబ్జెక్టులో అయిదేళ్లు మామూలు. నాన్నకు "రెండేళ్లలో అయిపోతుంది" అని చెప్పి చేరకండి.

1. టాపిక్ కాదు, ప్రశ్న పట్టుకోండి

"అల్జీమర్స్ మీద చేస్తా" అంటే టాపిక్. దాంతో ఒక్క ప్రయోగం కూడా మొదలవదు.

దగ్గరి ఉదాహరణ ఒకటి చూడండి. క్షయ మెదడు పొరలకు పాకితే టీబీ మెనింజైటిస్ అంటాం. మందులు క్రిమిని చంపుతున్నా మనిషి పరిస్థితి దిగజారుతూనే ఉండొచ్చు. ఎందుకంటే నష్టంలో పెద్ద భాగం మన ఇమ్యూన్ సిస్టమే చేస్తుంది. అందుకే టీబీ మందులతో పాటు వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ఇస్తారు. వియత్నాంలో చేసిన ట్రయల్ ఫలితం 2004లో వచ్చింది. మరణాలు తగ్గాయి. కానీ బతికినవాళ్లలో తీవ్రమైన వైకల్యం తగ్గినట్టు తేలలేదు. ఇప్పుడు అడగండి: ప్రాణం నిలిచినా వైకల్యం ఎందుకు తగ్గలేదు? ఏ కణాలు, ఏ న్యూరాన్లను, ఎన్నో రోజున దెబ్బతీస్తున్నాయి? దీన్ని ప్రశ్న అంటారు. దీనికి ఇమ్యునాలజీ ఒక్కటే చాలదు, న్యూరోసైన్స్ ఒక్కటే చాలదు. రెండూ కలపడం ఫ్యాషన్ కోసం కాదు, ప్రశ్న అడిగింది కాబట్టి.

నల్గొండ పిల్లలు చాలామంది ఫ్లోరోసిస్ మీద చేస్తాం అంటారు. ఆ కోరిక నాకు అర్థమవుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగినవాళ్లం. ముదిరిన ఫ్లోరోసిస్‌లో వెన్నెముక ఎముకలు పెరిగి వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడతాయి. అది నరాల సమస్యే. కానీ అక్కడ నష్టం ఎముక ఒత్తిడి వల్ల. ఇమ్యూన్ కణాల పాత్ర కూడా ఉందని ముందే నమ్మేసి మొదలుపెట్టొద్దు. "పాత్ర లేదు" అని తేలినా ఒప్పుకునేలా ప్రయోగం రాయగలిగితే చేయండి. ఊరి మీద ప్రేమ ప్రశ్నను ఇస్తుంది. జవాబు మాత్రం ప్రయోగమే చెప్పాలి.

మీది ప్రశ్నేనా అని ఎలా చూసుకోవాలి? నోటుబుక్కులో రాసి మూడు సంగతులు చూడండి. దానికి "కాదు" అనే జవాబు రావడానికి వీలుందా? దేన్ని కొలిస్తే జవాబు వస్తుందో చెప్పగలరా? మీ అమ్మకు తెలుగులో, ఒక్క ఇంగ్లీషు టెర్మ్ కూడా వాడకుండా రెండు మాటల్లో చెప్పగలరా? మూడోదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నా అనుభవంలో అసలు పరీక్ష అదే. టెర్మ్ తీసేయగానే మాట ఆగిపోయిందంటే, ఆ టెర్మ్ వెనక ఏముందో మీకు ఇంకా తెలియదన్నమాట.

2. ఒకటి సొంతిల్లు, ఒకటి పక్కిల్లు

రెండు సబ్జెక్టులూ సమానంగా నేర్చుకుంటానని బయలుదేరినవాళ్లు రెండింట్లోనూ పైపైన మిగిలిపోవడం చూశాను. ఒకదాన్ని సొంతిల్లు చేసుకోండి. అందులో అర్ధరాత్రి కరెంటు పోయినా ఏ వస్తువు ఎక్కడుందో తెలియాలి. రెండోది పక్కిల్లు. అక్కడ ఎవరిని ఏమడగాలో తెలిస్తే చాలు, వాళ్ల భాష అర్థమైతే చాలు.

మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ చదివినవాళ్లకు ఇమ్యునాలజీ సొంతిల్లుగా సులువు. జువాలజీ, ఫిజియాలజీ వాళ్లు న్యూరో వైపు నుంచి రావచ్చు. ఎంబీబీఎస్, ఫార్మసీ వాళ్లకూ దారి ఉంది. ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఇప్పుడు గిరాకీ ఎక్కువే, ఎందుకంటే ఒక్కో కణంలోని ఆర్‌ఎన్‌ఏ లెక్కలు చేతితో తేలేవి కావు.

పక్కింటి భాష కోసం ఆర్నెల్లు ఇలా చేయండి. వారానికి ఒక పరిశోధన వ్యాసం. రివ్యూ కాదు, అసలు వ్యాసం. ముందు బొమ్మలు మాత్రమే చూసి, "ఇది ఏం చూపిస్తోంది?" అని మీ మాటల్లో రాయండి. తర్వాతే రచయితలు రాసింది చదవండి. రెండింటికీ తేడా వచ్చిన చోటే మీరు నేర్చుకోవాల్సింది ఉంటుంది. పబ్‌మెడ్, బయోఆర్కైవ్‌లో ఉచితంగా దొరికేవే బోలెడు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఇమ్యునాలజీ పాఠాలున్నాయి.

3. చేతికి పని నేర్పండి, సర్టిఫికెట్ కొనకండి

ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నేనే ఇక్కడ దెబ్బతిన్నాను.

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్‌లో క్లాసులో చాలామందిలాగే నేనూ హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ట్రైనింగ్ ల్యాబ్‌కు డబ్బు కట్టి ప్రాజెక్టు చేశాను. నాన్న ఆ ఏడు పత్తి అమ్మిన డబ్బులోంచి ఇచ్చాడు. నెల రోజుల్లో బైండింగ్ చేసిన రిపోర్టు, సర్టిఫికెట్ చేతికొచ్చాయి. తర్వాత ఒక సంస్థలో పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్లాను. ఆ రిపోర్టులో 18వ పేజీ తెరిచి ఒక మేడమ్ నెమ్మదిగా అడిగింది: "ఈ జెల్‌లో నెగటివ్ కంట్రోల్ ఏది?" ఫలితం రాకూడదని తెలిసి పోలిక కోసం పెట్టే నమూనా ఏదని. నాకు తెలియలేదు. ఆ జెల్ నేను నడపలేదు. ఆమె తిట్టలేదు. పుస్తకం మూసి, "నువ్వు స్వయంగా చేసింది ఏదైనా చెప్పు, చిన్నదైనా పరవాలేదు" అంది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ రోజు ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సెక్కి కూర్చున్నాక చిట్యాల దాటేదాకా ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

కాబట్టి డబ్బు కట్టి ప్రాజెక్టు చేయకండి. బదులుగా ఇవి ఉన్నాయి:

- మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. రెండు నెలలు దేశంలో మంచి ల్యాబులో పని, స్టైపెండ్ కూడా ఇస్తారు. దరఖాస్తులు ముందు ఏడాది చివర్లోనే పిలుస్తారు, వేసవి వచ్చాక వెతికితే లాభం లేదు.
- మీ సొంత యూనివర్సిటీ ల్యాబ్. పరికరాలు తక్కువని చిన్నచూపు వద్దు. ఎలీసా (యాంటీబాడీలతో ప్రొటీన్లను కొలిచే పరీక్ష) ఒక్కటే ఉన్నా, దాన్ని పదిసార్లు చేసి స్టాండర్డ్ కర్వ్ ఎందుకు వంగిందో చెప్పగలిగితే అది సర్టిఫికెట్ కన్నా బరువైనది.
- ఎమ్మెస్సీ తర్వాత ఏడాది ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరడం. హబ్సిగూడ సీసీఎంబీ (కణ జీవశాస్త్ర సంస్థ), ఉప్పల్ సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరిశోధన సంస్థ), గచ్చిబౌలి వైపు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఎన్‌ఐఏబీ (జంతు బయోటెక్నాలజీ సంస్థ) వెబ్‌సైట్లలో నోటిఫికేషన్లు వస్తుంటాయి.

ఇక్కడొక గందరగోళం. జేఆర్‌ఎఫ్ అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. "ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్" వేరు, "నెట్ జేఆర్‌ఎఫ్" వేరు. మొదటిది ఒక ప్రాజెక్టు డబ్బుతో నడిచే ఉద్యోగం, ప్రాజెక్టు అయిపోతే అదీ అయిపోతుంది. రెండోది మీ పేరు మీద వచ్చే ఫెలోషిప్. ఊళ్లో రెండింటినీ జేఆర్‌ఎఫ్ అనే అంటారు, మీరు మాత్రం చేరేముందు ఏదో అడగండి.

4. పరీక్ష గట్టెక్కండి

ముఖ్యమైనది సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్. ఏటా రెండు విడతలు. మూడు గంటలు, 200 మార్కులు. పార్ట్ ఎలో 20కి 15, పార్ట్ బిలో 50కి 35, పార్ట్ సిలో 75కి 25 ప్రశ్నలు రాస్తే చాలు. పార్ట్ సిలో ఒక్కోటి 4 మార్కులు. తప్పు రాస్తే నాలుగో వంతు కోత. పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్లు దీనికే ఎక్కువ టెన్షన్ పడతారు. పాత ప్రశ్నపత్రాలు పదేళ్లవి చేస్తే ఆ భాష అలవాటైపోతుంది, వాడే వాక్యాలు తిరిగి తిరిగి అవే.

పార్ట్ సి కోసం 13 యూనిట్లూ సమానంగా చదవాల్సిన పని లేదు. మన రంగం వాళ్లకు 4, 7, 13 యూనిట్లు బంగారం లాంటివి. నాలుగులో ఇమ్యూన్ సిస్టమ్, సెల్ సిగ్నలింగ్ ఉన్నాయి. ఏడులో నాడీవ్యవస్థ. పదమూడులో పద్ధతులు: ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి లెక్కపెట్టడం), ఎలీసా, ప్యాచ్ క్లాంప్ (కణం పొర గుండా పోయే కరెంటు కొలవడం), ఎమ్మారై, స్టాటిస్టిక్స్. పరీక్ష కోసం చదివింది మొదటి రోజు నుంచే ల్యాబులో పనికొచ్చే యూనిట్ ఇదొక్కటే. మన పిల్లలు దీన్నే చివరికి వదిలేస్తారు.

జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరుగా. ఈ రేట్లు 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు, రిజర్వేషన్ వర్గాలకు, మహిళలకు సడలింపు ఉంది, మీకు ఎన్నేళ్లో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

నెట్ ఒక్కటే దారి కాదు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్ఆర్) వాళ్ల జీబిల్స్ పరీక్ష రాస్తే బెంగళూరులోని జీవశాస్త్ర సంస్థ ఎన్‌సీబీఎస్ లాంటి చోట్లకు పిలుపు రావచ్చు. అందులో బట్టీ ప్రశ్నలు తక్కువ, ఆలోచించి రాసేవి ఎక్కువ. బయోటెక్నాలజీ వాళ్లకు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) నడిపే బెట్ పరీక్ష ఉంది. మీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫస్ట్ ర్యాంకు మీదైతే కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయొచ్చు. ఈ సంగతి తెలియక ర్యాంకు పతకం గోడకు తగిలించి ఊరుకున్నవాళ్లు ఇద్దరు నాకు తెలుసు. కాన్వొకేషన్ దాకా ఆగకండి, ర్యాంకు ధ్రువపత్రం ముందే అడిగి తీసుకోండి.

5. సంస్థ కన్నా ముందు గైడ్‌ను వెతకండి

పేరున్న సంస్థలు మీరే చెప్పగలరు: మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, బెంగళూరులో నిమ్హాన్స్, ఐఐఎస్‌సీ న్యూరోసైన్స్ సెంటర్, ఢిల్లీలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ, పుణెలో కణ పరిశోధన కేంద్రం ఎన్‌సీసీఎస్, మన హైదరాబాద్‌లోవి సరేసరి. మీ అయిదేళ్లు గడిచేది మాత్రం సంస్థలో కాదు, ఒక మనిషి దగ్గర. పబ్‌మెడ్‌లో మీ ప్రశ్నలోని మాటలు కొట్టి, గత అయిదేళ్లలో భారత్ నుంచి వచ్చిన వ్యాసాల్లో రచయితల వరుసలో చివరి పేరు ఎవరిదో చూడండి. సాధారణంగా ఆ ల్యాబ్ నడిపేది వాళ్లే. పది మంది జాబితా వస్తుంది.

మెయిల్ ఇంగ్లీషులోనే రాయాలి. ఎలా ఉండాలో తెలుగులో చూపిస్తాను:

"ప్రొఫెసర్ గారికి నమస్కారం. నేను నల్గొండలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను, ఈ ఏడు నెట్ జేఆర్‌ఎఫ్ వచ్చింది. మీ ల్యాబ్ కిందటేడు ప్రచురించిన వ్యాసంలో మూడో బొమ్మ ప్రకారం ఇన్‌ఫెక్షన్ తర్వాత ఏడో రోజుకు మైక్రోగ్లియా సంఖ్య పెరిగింది. అవి అక్కడే విభజన చెందాయా, లేక రక్తం నుంచి వచ్చిన కణాలు కూడా ఆ లెక్కలో కలిశాయా అన్నది నాకు అర్థం కాలేదు. నేను మూడు నెలలు సెల్ కల్చర్ స్వయంగా చేశాను. ఫ్లో సైటోమెట్రీ చూశాను గాని నడపలేదు. వచ్చే అడ్మిషన్‌కు విద్యార్థిని తీసుకుంటున్నారా? సీవీ జతచేశాను."

ఇంతే. ఇందులో మూడు ఉన్నాయి: వాళ్ల పని చదివినట్టు ఆధారం, మీకు వచ్చినదీ రానిదీ ఉన్నదున్నట్టు, ఒక సూటి ప్రశ్న. "మీ ప్రతిష్ఠాత్మక ల్యాబులో చేరడం నా చిన్ననాటి కల" అన్న వాక్యం తీసేయండి. ఒకే మెయిల్ యాభై మందికి పంపొద్దు. పేరు మార్చడం మరిచిపోయి పంపినవి కూడా నేను చూశాను. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి, మనసుకు పట్టించుకోవద్దు.

జవాబు వస్తే, చేరకముందే ఆ ల్యాబులోని విద్యార్థులతో ఫోన్లో మాట్లాడండి. మెయిల్‌లో నిజం చెప్పరు. ఇవి అడగండి: ఇక్కడ పీహెచ్‌డీ సగటున ఎన్నేళ్లు పడుతోంది? మధ్యలో వదిలేసినవాళ్లున్నారా? సార్ వారానికి ఎంతసేపు మాట్లాడతారు? పండక్కి ఇంటికి పంపుతారా? చివరిది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. బతుకమ్మకు మూడేళ్లు ఇంటికి రాలేకపోయిన ఒక చెల్లెలు నాతో మాట్లాడుతూ ఏడ్చింది కాబట్టి రాస్తున్నాను.

6. ఇంటర్వ్యూ

తక్కువే చెబుతాను. ఇంగ్లీషు వ్యాకరణం ఎవరూ చూడరు. తెలియనిది తెలియదని చెప్పి, "ఇలా అయి ఉండొచ్చు, దాన్ని ఇలా పరీక్షిస్తాను" అనగలిగితే చాలు. బోర్డు మీద బొమ్మ గీయడం అలవాటు చేసుకోండి, చేయి కదిలితే మాట దానంతటదే వస్తుంది. మీ ప్రాజెక్టులో కంట్రోల్స్ ఏవో ఒకటికి రెండుసార్లు చూసుకుని వెళ్లండి.

7. మొదటి ఏడాది: ఎక్కడ తప్పుతామో

చేరగానే కోర్స్‌వర్క్ ఉంటుంది, కనీసం 12 క్రెడిట్లు. అది గడిచిపోతుంది. అసలు కష్టం బెంచ్ దగ్గర. మన రంగంలో దాదాపు అందరూ మొదట చేసే ప్రయోగం ఒకటి తీసుకుంటాను: ఎలుక మెదడులోంచి ఇమ్యూన్ కణాలు వేరుచేసి ఫ్లో సైటోమెట్రీలో లెక్కపెట్టడం.

ముందుగా సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి నంబరు మీ నోటుబుక్కులో మొదటి పేజీలో ఉండాలి. అది లేకుండా ఎలుకను ముట్టుకోవద్దు, సీనియర్ చెప్పినా సరే.

మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. మెదడు నిండా రక్తనాళాలే. ఆ నాళాల్లోని రక్తాన్ని కడగకుండా మెదడు తీస్తే, రక్తంలోని తెల్లకణాలన్నీ "మెదడులోకి చొరబడిన కణాలు"గా మీ గ్రాఫులో కూర్చుంటాయి. లేని జబ్బును మీరే తయారుచేసినట్టు. అందుకే లోతైన మత్తు ఇచ్చాక గుండె ఎడమ జఠరికలో సూది పెట్టి చల్లని సెలైన్ బఫర్ పంపుతారు, కుడి కర్ణికను కత్తిరిస్తే రక్తం బయటికి పోతుంది. కడిగారో లేదో కాలేయం చెబుతుంది. ముదురు ఎరుపుగా ఉన్నది మీ కళ్లముందే పాలిపోయి లేత గోధుమ రంగుకు రావాలి. మచ్చలు మచ్చలుగా ఎరుపు మిగిలితే ఆ ఎలుకను లెక్కలోంచి తీసేయాలని ముందే రాసి పెట్టుకోండి. ఫలితం చూశాక తీసేస్తే అది మోసమవుతుంది. ఇంకా గట్టి చెక్ కావాలంటే, రక్తం కడగడానికి కొన్ని నిమిషాల ముందు రంగు తగిలించిన సీడీ45 యాంటీబాడీని (తెల్లకణాల మీద ఉండే సీడీ45 అనే ప్రొటీన్‌ను పట్టుకునేదాన్ని) రక్తనాళంలోకి ఇస్తారు. నాళాల్లో ఉన్న కణాలకు రంగు అంటుతుంది, మెదడు కణజాలంలో ఉన్నవాటికి అంటదు.

రెండో తప్పు వేడి. కణాలను విడదీసే ఎంజైములను 37 డిగ్రీల దగ్గర వాడితే, ఆ సమయంలోనే మైక్రోగ్లియా ఉలిక్కిపడి ఒత్తిడి జన్యువులను నడుపుతాయి. మీరు జబ్బు గుర్తు అనుకున్నది మీ ట్యూబులో పుట్టినదై ఉండొచ్చు. ఆర్‌ఎన్‌ఏ చూడబోతే మంచు మీద యాంత్రికంగా విడదీయండి, లేదా జన్యువుల నుంచి కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారవకుండా ఆపే మందులు కలపండి.

మూడోది మైలిన్, అంటే న్యూరాన్ తీగలను చుట్టి ఉండే కొవ్వు పొర. కణాలను సాంద్రతను బట్టి విడదీసే పెర్కాల్ ద్రవంలో వేసి తిప్పినప్పుడు పైన తెల్లగా మీగడలా తేలేది అదే. దాన్ని జాగ్రత్తగా తీసేయకపోతే మెషీన్ మూసుకుపోతుంది, కణాల లెక్క అర్థంలేకుండా పెరుగుతుంది. పెర్కాల్ లేకపోతే మైలిన్ పట్టే అయస్కాంత పూసలు వాడొచ్చు, ఖర్చు ఎక్కువ.

నాలుగోది గేటింగ్, అంటే గ్రాఫు మీద గీత గీసి కణాల గుంపులను విడదీయడం. మైక్రోగ్లియాపై సీడీ11బి అనే ప్రొటీన్ ఉంటుంది, సీడీ45 తక్కువగా ఉంటుంది. బయటినుంచి వచ్చిన కణాలపై సీడీ45 ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న మెదడులో రెండు గుంపులూ విడివిడిగా కనిపిస్తాయి. వాపు వచ్చినప్పుడు మైక్రోగ్లియా కూడా సీడీ45 పెంచుకుంటాయి, గీత చెరిగిపోతుంది. సరిగ్గా మీకు అవసరమైన చోటే ఆ పద్ధతి తడబడుతుంది. మైక్రోగ్లియాను గుర్తుపట్టే పీ2ఆర్‌వై12, టీమెమ్119 మార్కర్లు కలిపి చూడండి. వాపులో అవి కూడా తగ్గవచ్చని గుర్తుంచుకుని, ఒక్క మార్కర్ మీద ఆధారపడకండి. ఒక్కో రంగుకు సింగిల్ స్టెయిన్ (ఆ ఒక్క రంగే వేసిన నమూనా), ఒక్కో రంగు వదిలేసి చేసే ఎఫ్‌ఎమ్‌ఓ కంట్రోల్ తప్పనిసరి.

అయిదోది అన్నిటికన్నా పెద్దది, లెక్క. ఒక ఎలుక నుంచి తీసింది ప్లేటులోని మూడు గుంటల్లో (వెల్స్) వేసి మూడు అంకెలు వస్తే మీ సంఖ్య మూడు కాదు, ఒకటే. ఒకే తల్లికి పుట్టిన ఆరు పిల్లలూ ఆరు స్వతంత్ర నమూనాలు కావు. స్లైడ్లు లెక్కపెట్టేటప్పుడు ఏది జబ్బుది, ఏది కంట్రోల్ అన్నది తెలియకుండా ఇంకొకరితో కోడ్ వేయించండి. ఇక్కడ స్నేహితుడు కావాలి. రోజూ టీ తాగేవాడితో అయినా ఈ పని చేయించుకోండి.

మాటల దగ్గర కూడా జాగ్రత్త. "యాక్టివేటెడ్ మైక్రోగ్లియా", "ఎమ్1, ఎమ్2" (వాపు పెంచేవి, తగ్గించేవి) అని రాసేస్తుంటారు. మైక్రోగ్లియా అలా రెండు పెట్టెల్లో ఇమడవని, చూసిన గుణాలను చూసినట్టే వర్ణించమని 2022లో ఈ రంగంలోని చాలామంది పరిశోధకులు కలిసి రాశారు. ఆకారం చూసి పని చెప్పకండి. అలాగే ల్యాబులో పెంచే బీవీ2 అనే సెల్ లైన్‌లో వచ్చిన ఫలితాన్ని మెదడులోని మైక్రోగ్లియాకు అంటగట్టకండి.

ఎలుకలు లేని ల్యాబయితే రోగుల రక్తం, వెన్నుద్రవం మీద చేయొచ్చు. దానికి మనుషుల నైతిక కమిటీ అనుమతి, రోగికి అర్థమయ్యే తెలుగులో సమ్మతి పత్రం కావాలి. అనువాదం ఆఫీసు తెలుగులో ఉంటే వేలిముద్ర పడుతుంది గాని అర్థం కాదు. మన పాలమూరు పెద్దమనిషికి చదివి వినిపించి, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి పెద్దనాన్నా, మేం ఏం తీసుకుంటున్నాం?" అని అడగండి. ఆయన చెప్పగలిగితేనే సమ్మతి. వెన్నుద్రవంలోని కణాలు త్వరగా చచ్చిపోతాయి, గంటలోపు ల్యాబుకు చేరే ఏర్పాటు ఉందో లేదో ముందే చూసుకోండి. జిల్లా నుంచి బస్సులో తెచ్చే లెక్కయితే, కణాలు కాకుండా ప్రొటీన్లు కొలిచే ప్రశ్న పెట్టుకోండి.

8. ఇద్దరు గైడ్లుంటే కాగితం మీద పెట్టండి

రెండు రంగాలు కలిసే చోట సాధారణంగా ఇద్దరు గైడ్లు, రెండు ల్యాబులు. మొదటి నెలలోనే ఒక పేజీ రాసి ఇద్దరికీ మెయిల్ చేయండి: ఏ రోజులు ఏ ల్యాబులో, రీఏజెంట్ల ఖర్చు ఎవరిది, వ్యాసంలో పేర్ల వరుస ఎలా, అభిప్రాయభేదం వస్తే ఎవరి మాట. అడగడం మర్యాద కాదనుకుని ఊరుకుంటే మూడో ఏట ఇద్దరి మధ్యా నలిగిపోయేది మీరే. "సార్, నాకు తేలిగ్గా ఉంటుందని రాసుకున్నాను, తప్పులుంటే సరిచేయండి" అని వినయంగా పంపితే ఎవరూ తప్పు పట్టరు. మీ పీహెచ్‌డీ పురోగతి చూసే కమిటీ మీటింగ్‌లో రెండు రంగాల వాళ్లూ ఉండేలా చూసుకోండి, ఒక్క రంగం వాళ్లే ఉంటే రెండో రంగం తప్పులు సినాప్సిస్ (థీసిస్‌కు ముందిచ్చే సారాంశం) దాకా బయటపడవు.

విదేశం వెళ్లాలనుకుంటే

యూరప్‌లో మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులు (యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే పీహెచ్‌డీ పథకాలు) మన రంగానికి బాగా సరిపోతాయి. ఫీజు కట్టక్కర్లేదు, ఉద్యోగిలా జీతం ఇస్తారు. ఖాళీలు యూరాక్సెస్ పోర్టల్‌లో పడతాయి. చేరేముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. మనకు ఈ నిబంధన అనుకూలమే, కానీ జర్మనీలో మాస్టర్స్ చేసి అక్కడే పీహెచ్‌డీకి వేసేవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు. జర్మనీ మాక్స్ ప్లాంక్ స్కూళ్లలో ఎమ్మెస్సీ వాళ్లను నేరుగా తీసుకుంటారు. అమెరికాలో చాలా ప్రోగ్రాములు జీఆర్‌ఈ అడగడం మానేశాయి, దరఖాస్తు ఫీజు మాఫీ చేయమని మెయిల్ చేస్తే చేసేవాళ్లున్నారు. ఫండింగ్ లేని పీహెచ్‌డీ ఆఫర్ వస్తే, ఏ దేశమైనా, ఏ యూనివర్సిటీ అయినా, పొలం అమ్మి వెళ్లకండి. కన్సల్టెన్సీ వాళ్లు ఏం చెప్పినా సరే.

సరైన దారిలో ఉన్నారా? ఏడాది చివర చూసుకోండి

ఆ లావుపాటి నోటుబుక్కు తెరవండి. మీరు లేనప్పుడు ఇంకొకరు దాన్ని చూసి మీ ప్రయోగం మళ్లీ చేయగలగాలి. ఒక జూనియర్‌కు ఇచ్చి నిజంగా చేయించి చూడండి. మీ ఫలితాల్లో కనీసం ఒక్కటి వేరే పద్ధతిలో కూడా నిలబడాలి: ఫ్లో సైటోమెట్రీలో పెరిగినట్టు కనిపించిన కణాలు స్లైడు మీద కూడా పెరిగి ఉండాలి. ఇమ్యునాలజీ వాళ్ల మీటింగ్‌లో న్యూరాన్ గురించి, న్యూరో వాళ్ల మీటింగ్‌లో టీ సెల్ గురించి పది నిమిషాలు తడబడకుండా చెప్పగలగాలి. మొదటి పేజీలో రాసుకున్న ప్రశ్న ఈ ఏడాదిలో మారి ఉంటే భయపడకండి. ఎందుకు మారిందో ఆ పక్కనే తేదీ వేసి రాయండి. ఏమీ మారకపోతే మాత్రం గైడ్ దగ్గర అరగంట టైమ్ అడిగి, ఈ వారమే కూర్చుని మాట్లాడండి.